అమీన్‌పూర్‌లో రెండు గంటలు, మంజీరా దగ్గర ఒక పూట

మా నాన్నది కైకలూరు దగ్గర పల్లెటూరు. కొల్లేటి గట్టున పెరిగిన మనిషిని మియాపూర్ అపార్ట్‌మెంట్‌కి తెచ్చి, "పక్క చెరువుకి వలస పక్షులొచ్చాయట, చూసొద్దాం పదండి" అంటే నవ్వరా మరి? నవ్వారు. అయినా జనవరిలో ఒక ఆదివారం తెల్లవారకముందే మంకీ క్యాప్ పెట్టుకుని నాకంటే ముందు లిఫ్ట్ దగ్గరున్నారు.

అమీన్‌పూర్ చెరువు మాకు పావుగంట దూరం. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరం మధ్యనున్న చెరువుకి దేశంలో ఆ గుర్తింపు రావడం అదే మొదలు. అంత పేరుంది కదా అని పెద్ద పార్కును ఊహించుకోకండి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, మధ్యలో నీళ్లు, ఆ నీళ్ల మీద బాతులు. అంతే.

మొదటి అరగంట మాకు ఒక్క పిట్టా సరిగ్గా కనిపించలేదు. ఎండకి ఎదురుగా నిలబడ్డాం, అన్నీ నల్లటి చుక్కలే. "సూర్యుడు వీపు వెనక ఉండాలమ్మాయ్, ఇంత చదివావు" అని నాన్న అటువైపు తీసుకెళ్లారు. అప్పుడు రంగులొచ్చాయి. నల్లటి ఒళ్లు, తెల్లటి నుదురు ఉన్న బొల్లికోళ్లు లెక్కలేనన్ని. గరిటె లాంటి ముక్కుతో నీళ్లు జల్లిస్తూ తిరిగే చెంచామూతి బాతులు. మెడ మీద తెల్లటి గీత ఉన్న సూదితోక బాతులు ఓ పాతిక దాకా. ఒక్కో ఏడాది ఫ్లెమింగోలు కూడా దిగుతాయి. మా అదృష్టం ఆ రోజు అంతవరకు రాలేదు. ఎనిమిదింటికి ఎవరో కుర్రాడు డ్రోన్ ఎగరేశాడు. చెరువులో సగం బాతులు ఒక్కసారిగా లేచి వెళ్లిపోయాయి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన వాటికి ఇదేం కర్మ!

పై వారం మంజీరా. ఇది సంగారెడ్డి దగ్గరున్న అభయారణ్యం. హైదరాబాద్ తాగే నీళ్లలో కొన్ని ఇక్కడివే. పొద్దున్నే అక్కడుండాలని ముందు రాత్రే సంగారెడ్డిలో లాడ్జి తీసుకున్నాను. అది నా తెలివితక్కువతనం. పన్నెండు వందలు కట్టించుకుని వేడి నీళ్లు లేవన్నారు. పక్కన ఫంక్షన్ హాల్లో పెళ్లి బ్యాండు అర్ధరాత్రి దాకా మోగింది. నాన్న ఏమీ అనలేదు. పొద్దున మాత్రం "నాలుగున్నరకి ఇంట్లో బయల్దేరినా ఈపాటికి ఇక్కడే ఉండేవాళ్లం" అన్నారు. నిజమే, మియాపూర్ వైపు వాళ్లకి అక్కడ రాత్రి బస అనవసరం.

క్యాబ్ కూడా వద్దు. దింపేసి వెళ్లిపోతే తిరుగు ప్రయాణానికి దిక్కుండదు. మేం సంగారెడ్డిలో ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ, రెండు గంటలు ఆగేలా. ఎనిమిది వందలన్నాడు, ఆరొందలకి తెగింది. ఆ ఆటో అబ్బాయి ఇచ్చిన సాయం ముందు లాడ్జి డబ్బులు పోయిన బాధ తగ్గిపోయింది. పక్షులు ఎటు దిగుతాయో, ఎక్కడ ఆగితే రెల్లు అడ్డం రాదో అతనికి తెలుసు. నీళ్ల దగ్గరికి మాత్రం దిగనివ్వలేదు. ఎందుకో కాసేపటికి తెలిసింది. ఎదురు లంక మీద దుంగ అనుకున్నది నోరు తెరిచింది! మంజీరా మొసళ్లకూ పేరున్న చోటు.

నేను వెళ్లింది బార్ హెడెడ్ గూస్ కోసం. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి తల, దాని వెనక రెండు నల్లటి అడ్డ చారలు. నాన్న వెంటనే "అడ్డనామాల బాతు" అని పేరు పెట్టేశారు. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయివి. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు కూడా నమోదైంది. అలాంటివి పదకొండు, బురదలో గడ్డి పీక్కుంటూ, మా ఊరి బాతుల్లాగే తీరిగ్గా. బైనాక్యులర్ నాన్న చేతిలోంచి నాకు తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అన్నట్టు బైనాక్యులర్ 8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. పెద్దవి కొంటే మోయలేక చేతులు వణుకుతాయి.

"మరి గూళ్లేవి?" అని అడిగాను. కొల్లేరు ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో అయితే నీళ్లలోని కడప చెట్ల మీద. ఇక్కడ ఒక్క గూడూ లేదు. "అవి కాన్పుకొచ్చినవి, ఇవి చలికి తలదాచుకోడానికొచ్చినవి. వీటి పురుళ్లు వాళ్ల ఊళ్లోనే" అన్నారాయన. గూళ్లు, పిల్లలు చూడాలనుకునేవాళ్లు కొల్లేరో నేలపట్టో వెళ్లాలి. ఒక్క ఆదివారమే ఉంటే అమీన్‌పూర్ చాలు. ఒక పూటంతా ఉంటే మాత్రం నా ఓటు మంజీరాకే.

తిరుగు ఆటోలో నాన్న కైకలూరు రైలు వేళలు అడగడం మొదలుపెట్టారు. అక్కడ లాడ్జి అక్కర్లేదు, మా చిన్నత్త ఇల్లుంది. వేడి నీళ్లు కట్టెల పొయ్యి మీద కాస్తుంది.