మెడికల్ స్కూల్ ఫీజు: చేసిన సర్వీసుతో కట్టాలా, చెయ్యబోయే సర్వీసుతోనా?

మా మేనల్లుడు అమెరికా నేవీలో ఆరేళ్ళు కోర్‌మన్‌గా చేసి బయటికొచ్చాడు. మెరైన్ల దళం వెంట తిరుగుతూ వాళ్ళకి వైద్యం చేసే పని. ఇప్పుడు హ్యూస్టన్‌లో డిగ్రీ ఆఖరి ఏడాది. మెడికల్ స్కూళ్ళకి అప్లై చేశాడు. దీపావళికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క రిక్రూటర్ ఇచ్చిన స్కాలర్‌షిప్ కాగితాలు, ఇంకో పక్క వాడి డీడీ-214, అంటే సర్వీసు ముగిశాక ఇచ్చే కాగితం. "మావయ్యా, మళ్ళీ సంతకం పెడితే ఒక్క డాలర్ అప్పు లేకుండా డాక్టర్నైపోతా. పెట్టెయ్యనా?" అన్నాడు.

వాడి కంగారు నాకు అర్థమైంది. 2026 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ రుణాలు, అంటే డిగ్రీ తర్వాత చదువులకి ఖర్చంతా ఇచ్చే ఫెడరల్ అప్పులు, లేవు. ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షలు, అంతే. ప్రైవేటు స్కూల్లో ఫీజు ఒక్కటే ఏడాదికి 60 వేలు దాటడం మామూలు. అలాంటప్పుడు ఎవరైనా ఫీజంతా కడతామంటే చెయ్యి సంతకం మీదికే పోతుంది. కానీ వీడు ఆరేళ్ళు ముందే ఇచ్చేశాడు. దానికి రావాల్సింది ఇంకా పుచ్చుకోలేదు.

ముందు రిక్రూటర్ కాగితాలే చదివాం. ఆ స్కాలర్‌షిప్ పేరు హెచ్‌పీఎస్‌పీ. 1972 చట్టంతో వచ్చింది. ఫీజు, పుస్తకాలు మొత్తం ఇస్తారు, నెలకి 2 వేల డాలర్ల పైన స్టైపెండ్, చేరగానే 20 వేల బోనస్. బదులుగా తీసుకున్న ఏడాదికి ఒక ఏడాది చొప్పున యూనిఫాంలో డాక్టరుగా చెయ్యాలి. రెసిడెన్సీ, అంటే మెడికల్ స్కూలయ్యాక స్పెషలిస్టు శిక్షణ, ఆ లెక్కలోకి రాదు. వీడికిప్పుడు 26. చదువు నాలుగేళ్ళు, వాడు కోరుకుంటున్న సర్జరీకి రెసిడెన్సీ ఐదేళ్ళు, బాకీ నాలుగేళ్ళు. అంటే 39 వచ్చేదాకా ఏ ఊళ్ళో ఉండాలో వాడి చేతిలో ఉండదు. సర్జరీ సీటు కూడా మిలిటరీ వాళ్ళ మ్యాచ్‌లోనే, అంటే వాళ్ళు జరిపే రెసిడెన్సీ సీట్ల కేటాయింపులోనే రావాలి. నేవీలో ఇంటర్న్‌షిప్ అవ్వగానే రెసిడెన్సీ ఆపి జనరల్ మెడికల్ ఆఫీసర్‌గా ఓడల మీదికో, మెరైన్ల దగ్గరికో పంపడం కొత్తేమీ కాదు. ఆ మాట నాకు చెప్పింది వాడే. అలా వచ్చిన డాక్టర్ల పక్కనే ఆరేళ్ళు పనిచేశాడు.

చేసిన సర్వీసుకి ప్రభుత్వం చదువు చెప్పించే జీఐ బిల్ సంగతి వేరు. 9/11 తర్వాత సర్వీసు చేసినవాళ్ళకి 36 నెలల చదువు. రాష్ట్ర ప్రభుత్వ స్కూల్లో స్థానికుల ఫీజు పూర్తిగా కడతారు, స్కూలుండే ఊరిని బట్టి నెలనెలా ఇంటద్దె భత్యం, పుస్తకాలకి ఏడాదికి వెయ్యి డాలర్ల దాకా. తిరిగి చెయ్యాల్సింది ఏమీ లేదు. ప్రైవేటు స్కూలైతే ఏడాదికి దాదాపు 30 వేలకి మించి ఇవ్వరు. మిగతాది ఎల్లో రిబ్బన్ ఒప్పందం ఉంటే స్కూలూ, మాజీ సైనికుల శాఖ వీఏ చెరి సగం భరిస్తాయి. అక్కడ ఒక్క జాగ్రత్త: యూనివర్సిటీకి ఎల్లో రిబ్బన్ ఉందంటే మెడికల్ స్కూలుకీ ఉన్నట్టు కాదు. ఎంతమందికి, ఎంత ఇస్తారో మెడికల్ స్కూలు పేరు పెట్టి మరీ అడగాలి.

వాడి ఫోన్‌లో వీఏ స్టేట్‌మెంట్ తెరిచి చూపించాడు. 36 నెలలు, 0 రోజులు. ఒక్క రోజు కూడా వాడలేదు! డిగ్రీలో సగం సర్వీసులో ఉండగానే, మిలిటరీ ఇచ్చే ట్యూషన్ అసిస్టెన్స్‌తో లాగించాడు. మిగతా సగం తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటుతో, రాత్రిళ్ళు అంబులెన్స్ డ్యూటీలతో. నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే ఈ బిల్లులో నెలంటే నెలే. కమ్యూనిటీ కాలేజీలో నాలుగు డబ్బుల ఫీజుకి వాడినా, మెడికల్ స్కూల్లో వాడినా అంతే తరుగుతుంది. వాడితో పాటు బయటికొచ్చిన స్నేహితుడు డిగ్రీకే మొత్తం వాడేసుకున్నాడు. అతనికి హెచ్‌పీఎస్‌పీ నిజంగానే మంచి దారి కావచ్చు.

36 నెలలు నాలుగేళ్ళకి సరిపోతాయా? క్యాలెండర్ పెట్టుకుని లెక్కేశాం. మొదటి రెండేళ్ళు ఏడాదికి పది నెలల చొప్పున 20. మూడో ఏడాది నుంచి ఆస్పత్రి రొటేషన్లు, సెలవులు తక్కువ, దాదాపు ఏడాదంతా చదువే. 32 అయ్యాయి. నాలుగో ఏడాది మధ్యలో అయిపోతుంది. టెక్సస్‌లో హేజిల్‌వుడ్ చట్టం ఉండటం వాడి అదృష్టం. ఇక్కణ్ణుంచి సైన్యంలో చేరినవాళ్ళకి ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ గంటల ఫీజు మాఫీ. అద్దె భత్యం ఉండదు గానీ ఆ ఆఖరి నెలల ఫీజు గండం గట్టెక్కుతుంది.

ఇంతకంటే మేలైనది ఒకటుంది. చాలామంది అటు చూడరు. సర్వీసులో ఒంటికి తగిలిన దెబ్బలకి వీఏ రేటింగ్ (వైకల్యం ఎంత శాతమో) ఉంటే వొకేషనల్ రీహ్యాబిలిటేషన్, అంటే ఒంటికి కుదిరే ఉద్యోగానికి చదివించే పథకం, అడగొచ్చు. 48 నెలల దాకా ఇస్తారు, ప్రైవేటు స్కూలుకి కూడా జీఐ బిల్ లాంటి పరిమితి లేదు. వీడికి మోకాలికి 10 శాతం, చెవిలో హోరుకి 10 శాతం. వీఏ లెక్కలో పదీ పదీ కలిస్తే 19, దాన్ని 20 చేస్తారు. ఆ 20 ఉంటే తలుపు తేలిగ్గా తెరుచుకుంటుంది. పైగా 2021 ఏప్రిల్ నుంచి ఇందులో చదివిన నెలలు జీఐ బిల్‌లోంచి తియ్యరు. జీఐ బిల్‌లో ఒక్క రోజు మిగిలున్నా అద్దె భత్యం దాని ఎక్కువ రేటులోనే తీసుకోవచ్చు. చిక్కల్లా వీఏ కౌన్సిలర్ ఒప్పుకోవడమే. "మీకు డిగ్రీ ఉంది కదా, ఉద్యోగం చేసుకోవచ్చు కదా" అంటారు. బరువులెత్తి మోకాళ్ళ మీద చేసే పని ఇక కుదరదనీ, వైద్యం కుదురుతుందనీ కాగితాలతో చూపించాలి. అయినా కాదనొచ్చు. అడగడానికి పైసా ఖర్చు లేదు.

ఇక బెథెస్డాలోని మిలిటరీ మెడికల్ స్కూల్, యూఎస్‌యూ. ఫీజు లేదు, చదువుతూనే ఆఫీసర్ జీతం. బదులుగా రెసిడెన్సీ తర్వాత ఏడేళ్ళు. ఏడు అనగానే భయమేస్తుంది గానీ, యూనిఫాం అంటే ప్రాణమున్నవాళ్ళకి హెచ్‌పీఎస్‌పీ కన్నా ఇదే మంచిదని నా లెక్క. వీడి ఆరేళ్ళూ, మిలిటరీ ఆస్పత్రిలో రెసిడెన్సీ ఐదేళ్ళూ, బాకీ ఏడేళ్ళూ కలిపితే 18. ఇంకో రెండేళ్ళుంటే పెన్షన్. మళ్ళీ చేరాలంటే ఆ మోకాలికి, చెవికి మెడికల్ మినహాయింపు దొరకాలి. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ వీఏ ఇచ్చే వైకల్య భత్యం ఆగిపోతుంది.

"ఫీజు సంగతి పక్కన పెట్టు. ఉత్తినే పిలిచినా మళ్ళీ వెళ్తావా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "మెరైన్ల దగ్గరికైతే వెళ్తా మావయ్యా. కానీ అమ్మ మోకాళ్ళ ఆపరేషన్‌కి ఈసారైనా ఇంట్లో ఉండాలని ఉంది" అన్నాడు.

రిక్రూటర్ కాగితాలు కవర్లో పెట్టి పక్కన పెట్టాం. వాటికి గడువు ఇంకా ఉంది. మంగళవారం కౌన్సిలర్‌తో అపాయింట్‌మెంట్. రేటింగ్ లెటరు, మోకాలి ఎమ్మారై, రాష్ట్ర ప్రభుత్వ స్కూలు ఫీజుల పట్టిక, మూడూ ఒకే ఫైల్లో సర్దుకున్నాడు.