‘టోటల్ సెక్యూరిటీ’ ప్యాకు కొనేముందు మీ పాస్‌వర్డ్ మేనేజర్ సంగతి చూసుకోండి

కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు షాపువాడు చేతిలో పెట్టే యాంటీవైరస్ డబ్బా మీద ఈమధ్య ‘పాస్‌వర్డ్ మేనేజర్ ఉచితం’ అని పెద్దక్షరాలతో ఉంటోంది. పాస్‌వర్డ్ మేనేజర్ అంటే మన లాగిన్‌లన్నీ దాచిపెట్టి, అవసరమైనప్పుడు నింపే ప్రోగ్రాం. బ్రౌజర్లో ఇప్పటికే వేరే పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) వాడేవాళ్లు ఆ డబ్బాకి డబ్బు కట్టేముందు ఇది చదవండి. ముఖ్యంగా నాలాగా జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసేవాళ్లు. మన దగ్గరుండే లాగిన్‌లు మనవి కావు, క్లయింట్లవి. అవి కలగాపులగం అయితే జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

కంపెనీ పేరు, షాపు పేరు రాయను. ఉన్న పాస్‌వర్డ్ మేనేజర్‌తో ప్యాకు కొట్లాడటం ఒక్కరి జబ్బు కాదు. ‘టోటల్’, ‘ప్రీమియం’, ‘అల్టిమేట్’ అని తోకలున్న ప్యాకులు చాలావాటిలో ఇదే సరంజామా ఉంటుంది.

మా ఆఫీసుకి కొన్న ల్యాప్‌టాప్‌లో ప్యాకుని షాపులోనే ఎక్కించి ఇచ్చారు. “విండోస్‌లో డిఫెండర్ ఉందిగా బాబూ, చాలదా?” అంటే, “అది పేరుకే సార్. మీరు బ్యాంకు పనులవీ చేస్తారు కదా, ఇది ఉండాల్సిందే” అన్నాడు కుర్రాడు. ఆఫీసుకి తెచ్చి మా పాస్‌వర్డ్ మేనేజర్ వేసుకున్న దగ్గర్నుంచీ గొడవే. ఎక్స్‌టెన్షన్ గుర్తు బూడిదరంగులోనే ఉండిపోతుంది. వేలిముద్రతో తెరుచుకోదు, డెస్క్‌టాప్ యాప్ దొరకలేదంటుంది. లాగిన్ పేజీకి వెళ్తే యూజర్‌నేమ్ గడిలో రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఒకటి మాది. రెండోది ప్యాకుతో పాటు అడగకుండా వచ్చినది.

దీనివల్ల వచ్చే అసలు నష్టం మొదట్లో కనపడదు. ఒక క్లయింటుది జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ మార్చాల్సి వచ్చింది. మా దగ్గర పనిచేసే అమ్మాయి మార్చింది. ‘సేవ్ చేయమంటారా?’ అని పాపప్ వస్తే సేవ్ కొట్టింది. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ పాపప్ మా పాస్‌వర్డ్ మేనేజర్‌ది కాదు, ప్యాకుది. కొత్త పాస్‌వర్డ్ వెళ్లి దాని వాల్ట్‌లో, అంటే పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెలో, పడింది, మేమందరం పంచుకునే వాల్ట్‌లో మాత్రం పాతదే మిగిలింది. ఇంకో కంప్యూటర్ నుంచి నేను లాగిన్ అవబోతే తప్పు పాస్‌వర్డ్ అంది. మా వాల్ట్ మీద నమ్మకంతో మళ్లీ అదే కొట్టాను, అకౌంట్ కాసేపు లాక్ అయింది. అవతల 20వ తేదీ, నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బీ వేయాల్సిన రోజు. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు. ఆ డబ్బుదేముంది గానీ, “మా పాస్‌వర్డ్ మార్చేశారా ఏంటి సార్?” అని క్లయింటు అడిగినప్పుడు చెప్పడానికి జవాబుండాలి కదా.

ఒక ఒరలో రెండు కత్తులంటే ఇదే. మీ ఎక్స్‌టెన్షన్ పూర్తిగా ఆగిపోతే నయం, వెంటనే తెలుస్తుంది. రెండూ సగం సగం పనిచేస్తూ పాస్‌వర్డ్‌లు రెండు చోట్లకి చీలిపోతే, ఏది కొత్తదో ఏది పాతదో నెలల తర్వాత గాని బయటపడదు.

ఇలాంటప్పుడు ఎవరికైనా మన పాస్‌వర్డ్ మేనేజరే చెడిపోయిందనిపిస్తుంది. తీసేసి మళ్లీ వేద్దామనిపిస్తుంది. ఆ పని మాత్రం చెయ్యకండి. మీ పాస్‌వర్డ్‌లు క్లౌడ్‌లో ఉండే రకమైతే, ముందు ఫోన్లోనో ఇంకో కంప్యూటర్లోనో వాల్ట్ తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ మేనేజర్ లాగా ఫైలు మీ కంప్యూటర్లోనే ఉండే రకమైతే, ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసిపెట్టుకోండి. ఆ తర్వాతే దేన్నైనా కదిలించండి.

కారణాలు నాకు మూడు కనపడ్డాయి. మూడూ ఒకే ప్యాకులో ఉండొచ్చు.

మొదటిది, ప్యాకు వేసిన సొంత ఎక్స్‌టెన్షన్. ఇది బ్రౌజర్ సెట్టింగుల్ని కూడా తన చేతిలోకి తీసుకోగలదు. క్రోమ్‌లో పాస్‌వర్డ్‌లు సేవ్ చేయాలా అని అడిగే సెట్టింగ్ దగ్గరకి వెళ్లి చూడండి. ఫలానా ఎక్స్‌టెన్షన్ దీన్ని నియంత్రిస్తోంది అని రాసుంటే దొంగ దొరికినట్టే. ఎక్స్‌టెన్షన్ల పేజీలో దాన్ని ఆపండి. ఆపడానికి వీల్లేకుండా ఉంటే, అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్ అని రాసి, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టి చూడండి. సొంత కంప్యూటర్లో ఆ పేజీ మామూలుగా ఖాళీగా ఉండాలి. బలవంతంగా ఎక్స్‌టెన్షన్లు వేయించే పాలసీ (బ్రౌజర్‌కి పైనుంచి పెట్టే నియమం) అక్కడ కనిపిస్తే మీకు చెప్పకుండా ఎవరో పెట్టారన్నమాట. ఇంకో సంగతి, క్రోమ్‌లో ఒక్కో ప్రొఫైల్‌కి ఎక్స్‌టెన్షన్లు వేరు. మనలాంటివాళ్లు క్లయింటుకో ప్రొఫైల్ పెట్టుకుంటాం. కాబట్టి ప్రతి ప్రొఫైల్లోనూ, ఎడ్జ్‌లోనూ విడివిడిగా చూడాల్సిందే. విసుగే, తప్పదు.

రెండోది కాస్త లోతైనది. బ్రౌజర్‌కీ వెబ్‌సైటుకీ మధ్య నడిచే సమాచారం తాళం వేసి ఉంటుంది. దాన్ని తనిఖీ చేయడానికి యాంటీవైరస్ మధ్యలో కూర్చుంటుంది. సైటు అసలుదేనని చెప్పే గుర్తింపు పత్రం సర్టిఫికెట్. అలాంటి పత్రాల్ని నమ్మించే తన రూట్ సర్టిఫికెట్ ఒకటి విండోస్‌లో చేర్చి, సైటు ఇచ్చిన సర్టిఫికెట్ బదులు తాను తయారుచేసింది బ్రౌజర్‌కి చూపిస్తుంది. వెబ్ షీల్డ్ అనో, హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అనో, ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ల తనిఖీ అనో పేర్లు వేరు వేరుగా ఉంటాయి. ఉందో లేదో మీరే తేల్చుకోవచ్చు. ఏదైనా సైటు తెరిచి, అడ్రస్‌కి ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. అక్కడ మీ యాంటీవైరస్ పేరుంటే, మీరు సైట్లలో కొట్టే పాస్‌వర్డ్‌లు దాని చేతుల మీదుగా వెళ్తున్నట్టే. పాస్‌వర్డ్ మేనేజర్ తన సర్వర్‌తో సింక్ అయ్యే దారి కూడా ఇదే కాబట్టి అక్కడ మెలిక పడితే సింక్ ఆగిపోతుంది. ఫైర్‌ఫాక్స్ సర్టిఫికెట్ల జాబితాని తన దగ్గర విడిగా ఉంచుకుంటుంది. అందుకే క్రోమ్‌లో బాగానే తెరుచుకునే సైటు ఒక్కోసారి ఫైర్‌ఫాక్స్‌లో హెచ్చరిక చూపిస్తుంది. ఆ తేడా కనపడితే అనుమానం ఇటువైపే పెట్టుకోండి.

జీఎస్టీవాళ్లకి ఇంకో ఆనవాలు ఉంది. డిజిటల్ సంతకానికి వాడే ఎంసైనర్ కూడా మన కంప్యూటర్లోనే చిన్న సర్వర్‌లా నడిచి బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్ మొరాయించిన రోజుల్లోనే ఎంసైనర్ కూడా సర్వర్‌కి కనెక్ట్ కాలేదంటుంటే, డీఎస్‌సీ టోకెన్ని (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) పీకి పెట్టి విసిగిపోకండి. ముందు ఈ స్కానింగ్‌ని చూడండి.

మూడోది, వేలిముద్ర ఎందుకు పనిచేయలేదన్నదానికి జవాబు. ఎక్స్‌టెన్షన్ కంప్యూటర్లోని యాప్‌తో నేరుగా మాట్లాడలేదు. బ్రౌజర్ ఒక చిన్న ప్రోగ్రాంని నడిపి దాని ద్వారా కబురు పంపుతుంది. దీన్ని నేటివ్ మెసేజింగ్ అంటారు. బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌లో వేలిముద్రతో తెరవాలన్నా, కీపాస్‌ఎక్స్‌సీ నుంచి బ్రౌజర్లో పాస్‌వర్డ్ నింపాలన్నా ఇదే దారి. బ్రౌజర్ తనంతట తాను ఇంకో ప్రోగ్రాంని నడపడం వైరస్‌లు కూడా చేసే పనే కాబట్టి, యాంటీవైరస్‌కి ఒక్కోసారి అనుమానం వచ్చి ఆ చిన్న ప్రోగ్రాంని క్వారంటైన్‌లో, అంటే నడవకుండా విడిగా, పడేస్తుంది. ఒక్కోసారి మీకు మాట మాత్రంగానైనా చెప్పదు. ప్యాకు తెరిచి క్వారంటైన్ జాబితా, బ్లాక్ చేసినవాటి చరిత్ర చూస్తే పేరు కనపడుతుంది. బయటికి తీసేముందు ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ఉంటే అది ఎవరిదో చూసి, యాప్‌ని అసలు సైటు నుంచే దించుకున్నారని ఖాయం చేసుకుని, ఆ ఒక్క ఫైలుకే మినహాయింపు ఇవ్వండి. చిరాకుపడి బ్రౌజర్ మొత్తానికో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కో మినహాయింపు ఇచ్చారంటే ఇక ఆ యాంటీవైరస్ ఉన్నా లేనట్టే.

తేల్చుకునే పద్ధతి ఇది. కొత్త బ్రౌజర్ ప్రొఫైల్ ఒకటి తెరిచి మీ పాస్‌వర్డ్ మేనేజర్ ఒక్కటే వేయండి. అందులో బాగా పనిచేస్తే గొడవ పాత ప్రొఫైల్లోని ఎక్స్‌టెన్షన్లది. అందులోనూ మొరాయిస్తే, వెబ్ స్కానింగ్ ఒక్కటే పది నిమిషాలు ఆపి చూడండి, మళ్లీ ఆన్ చేయండి. తర్వాత ప్రోగ్రాంల ప్రవర్తన కనిపెట్టే షీల్డ్‌ని అలాగే చూడండి. ఒక్కసారే అన్నీ ఆపేస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు, ఆపిన కాసేపూ కంప్యూటర్ బోసిగా ఉంటుంది. ప్యాకులో ‘సేఫ్ బ్యాంకింగ్’ అని వేరే కిటికీ తెరుచుకుంటే దాన్ని ఈ లెక్కలోకి తీసుకోవద్దు. అందులో మామూలుగా మన ఎక్స్‌టెన్షన్లు రానే రావు.

ఇక కస్టమర్ కేర్. డబ్బా మీదున్న నంబరుకే చేశాను. “సార్, మీ పాత పాస్‌వర్డ్ మేనేజర్‌ని రిమూవ్ చేసేయండి, అందులోవన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి మాదాంట్లోకి ఇంపోర్ట్ చేసుకోండి, ప్రాబ్లం సాల్వ్” అన్నారు. స్క్రీన్ షేర్ చేయమని కూడా అడిగారు. రెండింటికీ ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోకండి. ఎక్స్‌పోర్ట్ అంటే మామూలుగా సీఎస్‌వీ అనే సాదా పట్టిక ఫైలు. అందులో పాస్‌వర్డ్‌లన్నీ తాళం లేకుండా పచ్చిగా ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పెడితే, వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉన్నవాళ్లకి అది క్లౌడ్‌లోకి కూడా వెళ్లిపోతుంది. ఇక మన అకౌంటెంట్ల అలవాటు ఒకటుంది, సీఎస్‌వీ కనపడగానే ఎక్సెల్‌లో తెరవడం. తెరిచి సేవ్ చేశారా, సున్నాతో మొదలయ్యే పిన్‌లలో ముందున్న సున్నా ఎగిరిపోతుంది, పొడుగు అంకెలు ఈ-ప్లస్ రూపంలోకి మారిపోతాయి, ‘ఈక్వల్ టు’ గుర్తుతో మొదలయ్యే పాస్‌వర్డ్‌ని ఫార్ములా అనుకుంటుంది. అలా దెబ్బతిన్న జాబితాని ఇంపోర్ట్ చేసి, పాత వాల్ట్‌ని తీసేస్తే ఇక దేవుడే దిక్కు.

పైగా ఏడాది చందా ఉన్న ప్యాకులోకి పాస్‌వర్డ్‌లు మార్చుకుంటే, వచ్చే ఏడాది దాన్ని మానేయాలన్నా మానలేరు. ‘ఉచితం’ వెనక లెక్క ఇదేనని నా అభిప్రాయం.

గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయడం ఇంకా ప్రమాదం. అక్కడ దొరికే నంబర్లలో దొంగవి ఎన్నో. వాల్ట్ తెరిచి ఉన్న కంప్యూటర్ని ఎనీడెస్క్‌లో (దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్) అవతలివాడికి అప్పగించడమంటే ఇంకేం మిగిలింది? అలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి.

భద్రత అమ్మే కంపెనీ కాబట్టి దాని పాస్‌వర్డ్ మేనేజర్ కూడా భద్రంగానే ఉంటుందని అనుకోవడానికి లేదు. 2016 జనవరిలో ట్రెండ్ మైక్రో యాంటీవైరస్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మేనేజర్లో, ఏ వెబ్‌పేజీ అయినా కంప్యూటర్లో తనకి కావలసిన ఆదేశాలు నడిపించగలిగే లోపాన్ని సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోకి చెందిన టావిస్ ఆర్మండీ బయటపెట్టారు. కంపెనీ దాన్ని సరిచేసింది. వినియోగదారులు ఏయే సైట్లు చూశారో ఆ వివరాలు అమ్ముకున్న కేసులో అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు కట్టాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చెప్పింది. నాకు అంటగట్టిన ప్యాకు ఈ రెండు కంపెనీలదీ కాదు. బ్రౌజర్లో వేసే ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ ఏమేం అనుమతులిస్తున్నామో చూడాలని చెప్పడానికే ఈ సంగతులు.

నేనైతే చివరికి ప్యాకు తీసేశాను. తీసేవాళ్లు వరస తప్పొద్దు. ముందు దాని వాల్ట్ తెరిచి, అందులో ఏయే సైట్లు సేవ్ అయ్యాయో ఒక్కొక్కటి మీ వాల్ట్‌తో పోల్చి, కొత్తవి చేత్తో మార్చుకోండి. తర్వాత అన్ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్తే డిఫెండర్ తిరిగి ఆన్ అయి కనపడాలి. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం అది పక్కకి తప్పుకుంటుంది, ఆ యాంటీవైరస్ పోగానే తనే వస్తుంది. మిగిలిపోయిన ముక్కల కోసం చాలా కంపెనీలు తమ సైట్లోనే తొలగింపు టూల్ పెడతాయి, అది వాడండి. దాని రూట్ సర్టిఫికెట్ పోయిందో లేదో కూడా చూడండి.

డబ్బు సంగతి. సీల్ తీశాక వాపసు లేదన్నాడు షాపువాడు. కార్డు వివరాలు ఇస్తేగాని యాక్టివేట్ కాదంటూ ఆటో రెన్యూవల్ కూడా పెట్టించుకున్నారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి కోతకి కనీసం 24 గంటల ముందు మనకి సమాచారం రావాలి, వద్దనుకుంటే రద్దు చేసుకునే వీలుండాలి. బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ల (ఆటోమేటిక్ కోతకి మనమిచ్చిన అనుమతులు) దగ్గరికెళ్లి రద్దు చేయండి, యూపీఐ అయితే ఆటోపేలో. వదిలించుకోవడం కష్టమయ్యేలా చందాలు కట్టించుకోవడాన్ని 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తప్పుబట్టాయి. ఆ మాట రాసి 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. నేను పెట్టాను. బిల్లు, డబ్బా మీది ‘ఉచితం’ లైను ఫొటో, రద్దు చేసిన మ్యాండేట్ స్క్రీన్‌షాట్ జతచేశాను. ఇంకా జవాబు రాలేదు.