వికీమీడియా కామన్స్: మూడేళ్లుగా మా పాఠాల బొమ్మలు ఎక్కువగా అక్కడివే

హనుమకొండలో హైస్కూల్ పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కాకతీయుల చరిత్ర మీద పదేసి నిమిషాల వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. మాటలు నావే కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. బొమ్మలు, సంగీతం ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు పని. మూడేళ్లుగా వికీమీడియా కామన్స్ వాడుతున్నాను. షరతులకు లోబడి ఎవరైనా వాడుకోగల ఫోటోలు, ఆడియోలు ఉన్న వెబ్‌సైట్ అది. నాలాగా వీడియోలు చేసే టీచర్లకు పనికొస్తుందని దాని మంచిచెడులు రాస్తున్నాను.

బడిలో ఉన్నప్పుడు నెట్‌లో దొరికిన ఫోటో ప్రింట్ తీసి క్లాసులో గోడకు అంటించేదాన్ని. పాఠం చెప్పడానికైతే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ టీచర్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది. అదే ఫోటోను ఊరందరూ చూసే, ప్రకటనలు వచ్చే వీడియోలో పెడితే ఆ వెసులుబాటు వర్తిస్తుందని ధీమాగా ఉండలేం. ఈ సంగతి నాకు ఒక పాట వల్ల తెలిసింది.

మొదటి ఏడాది ఒక వీడియోకి వెనకాల త్యాగరాజస్వామి కీర్తన పెట్టాను. ఆయన పరమపదించింది 1847లో. ఇంకా ఎవరి హక్కు ఉంటుందిలే అనుకుని, పేరున్న విద్వాంసురాలి రికార్డింగ్ నుంచి ఒక నిమిషం తీసుకున్నాను. అప్‌లోడ్ చేసిన గంటలోపే ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి క్లెయిమ్ వచ్చింది. ఛానలే పోతుందేమోనని ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. మర్నాడు కూర్చుని నిబంధనలు చదివాను. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (కాపీరైట్ ఉల్లంఘనకు యూట్యూబ్ ఇచ్చే హెచ్చరిక) వేరు. క్లెయిమ్ వస్తే ప్రకటనల డబ్బు హక్కుదారుకి వెళ్లవచ్చు, లేదా వీడియో ఆగిపోవచ్చు. ఛానల్‌కే ముప్పు వచ్చేది 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడినప్పుడు. ఇంతకీ ఆ కంపెనీ అడిగింది న్యాయమే. కీర్తన అందరిదీ, ఆ రికార్డింగ్ మాత్రం వాళ్లది. మన చట్టంలో రచనకు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రికార్డింగ్‌కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. ఆ పాట తీసేసి, మా మేనకోడలి చేత అదే కీర్తన తంబుర శ్రుతితో పాడించి, ఫోన్‌లోనే రికార్డు చేశాను. గొంతు తనది కాబట్టి ఛానల్‌లో వాడుకోవచ్చని ఒక కాగితం మీద రాయించుకున్నాను కూడా.

ఆ దెబ్బ తర్వాతే కామన్స్‌కి వచ్చాను. 2004లో మొదలైన ఈ సైట్‌లో ఇప్పుడు పది కోట్లకు పైగా ఫైళ్లున్నాయి. నాకు నచ్చింది ఆ లెక్క కాదు. ఏ ఫోటో తెరిచినా దాని కిందే ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఏ షరతు మీద వాడుకోవచ్చు అన్నది రాసి ఉంటుంది. రామప్ప గుడి పాఠానికి నాకు కావలసినవి చాలావరకు దొరికాయి: నంది, చూరు కింద వాలి నిలబడ్డ మదనికలు అనే స్త్రీ శిల్పాలు, నునుపైన నల్లరాతి స్తంభాలు. 1213 నాటి గుడి ఎవరి సొత్తూ కాకపోయినా, నిన్న మొన్న దాన్ని ఫోటో తీసిన మనిషికి ఆ ఫోటో మీద హక్కుంటుంది. హైదరాబాద్ పాఠానికి ఆరో నిజాం కాలంలో లాలా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలు తీసుకున్నాను. ఆయన 1905లోనే పోయారు, కాబట్టి వాటి గడువు ఎప్పుడో తీరిపోయింది. అలాంటివాటికి పబ్లిక్ డొమైన్ అని గుర్తు ఉంటుంది. అడగాల్సిన పని లేకపోయినా ఆయన పేరు తెర మీద వేస్తాను. అంత బరువు కెమెరాలతో తిరిగిన మనిషిని పిల్లలు తెలుసుకోవాలి కదా.

మిగతావి చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌వి, అంటే ఏ షరతుల మీద వాడుకోవచ్చో హక్కుదారే ముందుగా చెప్పి ఇచ్చిన అనుమతి ఉన్నవి. ‘బై’ అంటే పేరు చెప్పాలి. ‘ఎస్ఏ’ అంటే మార్పులు చేసి బయటపెడితే దాన్ని కూడా అదే షరతు మీద ఇవ్వాలి. ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు, ‘ఎన్‌డీ’ అంటే మార్చిన రూపాన్ని పంచకూడదు. ఈ చివరి రెండు షరతులున్న వాటిని కామన్స్ అసలు తీసుకోదు. ప్రకటనలు వచ్చే ఛానల్ ఉన్నవాళ్లకు అది ఎంత నిశ్చింతో చెప్పలేను.

పేరు చెప్పడం అంటే ‘ఫోటో: గూగుల్’ అని రాయడం కాదు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. గూగుల్ ఫోటో తీయలేదు. డిస్క్రిప్షన్‌లో నేను రాసే వరుస ఇది: ఫోటో పేరు, తీసినవారు, ఫైల్ లింకు, లైసెన్స్ పేరు, దాని లింకు, చివర ‘అంచులు కత్తిరించాను’ లాంటి ఒక ముక్క. సగం పని కామన్సే చేసిపెడుతుంది, అక్కడి క్రెడిట్ వాక్యాన్ని కాపీ చేసుకోవచ్చు. లైసెన్స్ పక్కన నంబరు కూడా చూడండి, అది ఎన్నో వెర్షనో చెబుతుంది. 4.0 అయితే, క్రెడిట్‌లో తప్పు ఉందని తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే పోయిన అనుమతి దానంతటదే తిరిగి వస్తుంది. పాత 2.0, 3.0లలో ఆ సౌకర్యం లేదు. పేరు తప్పు లేకుండా రాశానా అని వాటి దగ్గర రెండుసార్లు చూసుకుంటాను.

లోపాలున్నాయి. వివరాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి తెలుగులో వెతికితే తక్కువ వస్తాయి. ఊరి పేరును ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగ్‌లతో వెతకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరైనా అప్‌లోడ్ చేయగల చోటు కాబట్టి వేరేవాళ్ల ఫోటోను నాదే అని పెట్టేవాళ్లూ ఉండవచ్చు. సంస్థ పూచీ పడదు. కెమెరా వివరాలు ఉన్నాయా, అదే మనిషి పెట్టిన మిగతా ఫోటోలు ఎలా ఉన్నాయి అని చూస్తాను. అనుమానం వస్తే వదిలేస్తాను. పిల్లల ముఖాలు స్పష్టంగా కనిపించే ఫోటోలను లైసెన్స్ ఉన్నా వాడను. ఆ అనుమతి ఫోటోగ్రాఫర్ ఇచ్చింది, ఆ పిల్లల తల్లిదండ్రులు ఇచ్చింది కాదు.

సంగీతానికి మాత్రం కామన్స్ నాకు చాలలేదు. యూట్యూబ్ స్టూడియోలోనే ఆడియో లైబ్రరీ ఉంది. క్రెడిట్ అక్కర్లేనివి, క్రెడిట్ ఇవ్వాల్సినవి వేరుచేసి చూసుకోవచ్చు. వాన చప్పుడు, గుడి గంట లాంటివి ఫ్రీసౌండ్ అనే సైట్‌లో దొరుకుతాయి. అయితే అక్కడ ‘ఎన్‌సీ’వి కూడా కలిసి ఉంటాయి, చూసి తీసుకోవాలి. ఎక్కడ తీసుకున్నా సరే, ‘ఎన్‌డీ’ అని ఉన్న పాటను వీడియో వెనక పెట్టకూడదు. సంగీతాన్ని దృశ్యానికి జోడించడమే మార్పు కింద లెక్క. అదే ‘ఎస్ఏ’ పాట పెడితే వీడియో మొత్తాన్ని ఆ షరతు మీదే ఇవ్వాల్సి వస్తుంది.

డప్పు మాత్రం ఎక్కడ వెతికినా నాకు కావలసిన దరువు దొరకలేదు. చివరికి మా ఊరి డప్పు కళాకారులు ఇద్దరిని అడిగి, వాళ్లు చెప్పిన డబ్బు ఇచ్చి, మామిడి తోటలో అరగంట రికార్డు చేసుకున్నాను. ఒప్పందం తెలుగులో రాసి చదివి వినిపించాను. నెట్‌లో అందరికీ ఇచ్చేద్దామా అని అడిగితే పెద్దాయన ఒక రోజు ఆలోచించి, ‘మా పేర్లు ఉంటయంటే ఇయ్యండి మేడం’ అన్నారు. ఇద్దరి పేర్లతో ‘బై’ లైసెన్స్ కింద ఈ వారమే కామన్స్‌లో పెడుతున్నాను, వివరం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ.