హైదరాబాద్ నుంచి విశాఖకు: రైలా, విమానమా, సొంత కారా?

అమ్మానాన్నలు విశాఖలో, నా ఉద్యోగం మియాపూర్‌లో కావడంతో ఈ దారిలో మూడు రకాల ప్రయాణాలూ ఏళ్ల తరబడి చేస్తున్నాను. టికెట్ ధర ఒక్కటే చూస్తే లెక్క తేలదు. ఇక్కడి గడప దాటి అక్కడి గడప తొక్కేవరకు అయ్యే ఖర్చు, పట్టే సమయం కలిపి చూడాలి. అలా చూస్తే ఒకరిద్దరికి రాత్రి రైలును మించినది లేదు.

విమానం గాలిలో ఉండేది గంటంబావు మాత్రమే. అయితే శంషాబాద్‌కు మెట్రో లేనందున క్యాబ్‌కు వెయ్యి రూపాయల దాకా అవుతుంది. ముందుగా చేరడం, తనిఖీలు, సామాను కోసం నిలబడడం అన్నీ కలిపితే ప్రయాణం ఐదు గంటలకు తగ్గదు. అత్యవసరమైతే తప్ప నేను దాని జోలికి వెళ్లను.

2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్ సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి బయలుదేరి ఎనిమిదిన్నర గంటల్లో విశాఖ చేరుస్తుంది. భోజనంతో కలిపి చైర్ కార్ టికెట్ 1,700 రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. శుభ్రంగా ఉంటుంది కానీ, అంతసేపు కూర్చునే ప్రయాణం మా నాన్నగారి నడుముకు పడలేదు. పెద్దవాళ్లను ఎక్కించడానికి వెళ్లేవారికి ఒక మాట: సామాను సర్దుతూ లోపల ఉండిపోతే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, తర్వాతి స్టేషన్ దాకా వెళ్లక తప్పదు.

1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ 500 రూపాయల లోపే, థర్డ్ ఏసీ 1,200 లోపే. సాయంత్రం నాంపల్లిలో ఎక్కి పడుకుంటే పొద్దున్నే విశాఖలో ఉంటాం, పగలు వృథా కాదు. చిక్కల్లా బెర్తు దొరకడమే. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది కనుక, భోగికి ఊళ్లో ఉండాలంటే నవంబరు రెండో వారం నుంచే కాచుకుని ఉండాలి. బెర్తు దొరికింది కదా అని దువ్వాడ మీదుగా పోయే రైలు ఎక్కితే మాత్రం, విశాఖ స్టేషన్‌కు రాదు కాబట్టి, వేళకాని వేళ అక్కడ దిగి ఊళ్లోకి ఆటో మాట్లాడుకోవాలి.

నలుగురం కలిసి వెళ్లేటప్పుడే కారు తీస్తాను. సుమారు 620 కిలోమీటర్లకు, లీటరుకు 15 చొప్పున, పెట్రోలు 4,500 రూపాయల దాకా అవుతుంది; టోల్ అదనం. 2025 ఆగస్టులో 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక ఫాస్టాగ్ పాస్ తరచూ తిరిగేవారికి మేలే, కానీ పండుగ ముందు పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లను అది తగ్గించలేదు. పైగా ఒక్కరే నడిపితే రాజమండ్రి దాటేసరికి కళ్లు మూతలు పడతాయి.

అమ్మానాన్నలు వచ్చేటప్పుడు ఇప్పటికీ రైలే. 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీని తిరిగి ఇవ్వాలి. అప్పట్లో మగవారికి 40 శాతం, ఆడవారికి 50 శాతం తగ్గేది. పింఛను మీద బతికే ఇంట్లో ఆ మొత్తం ఒక నెల మందుల ఖర్చు.