బోటు ఫ్లోర్ మెత్తబడితే ఏది మేలు: ఎపాక్సీ పోయడమా, కోసి ప్లైవుడ్ వేయడమా, ఫోమ్ షీటా?

ఫైబర్ బోటులో అడుగు వేస్తే ఫ్లోర్ కిందికి దిగుతోందంటే, పైన ఫైబర్ బాగానే కనిపిస్తున్నా లోపల ప్లైవుడ్ కుళ్ళినట్టే. నీళ్ళు ఎక్కువగా సీటు బోల్టుల రంధ్రాల్లోంచి, సీల్ చేయని అంచుల్లోంచి దిగుతాయి. ముందు స్క్రూడ్రైవర్ పిడితో అంతటా కొట్టి చూడండి. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్ళిన చోట మొద్దుగా వినిపిస్తుంది. ఆ హద్దు చాక్‌పీసుతో గీస్తే మీ ఖర్చెంతో సగం తెలిసిపోతుంది.

రంధ్రాలు చేసి పల్చటి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెజిన్) పోసే పద్ధతి వీడియోల్లో భలే తేలికగా కనిపిస్తుంది. కానీ తడి చెక్కలోకి ఎపాక్సీ ఇంకదు, రంధ్రం చుట్టూ గట్టిపడి ఆగిపోతుంది, పక్కన కుళ్ళు మామూలే. అరచేయంత మచ్చ అయితే, బాగా ఆరాక చేయొచ్చు. అంతకు మించితే వద్దు. (బోటు అమ్మేద్దామనుకునేవాళ్ళకి మాత్రం ఇది తెగ నచ్చుతుంది, కొనేవాళ్ళు చూసుకోండి.)

నా ఓటు కోసేసి కొత్త ప్లైవుడ్ వేయడానికే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఇంకెక్కడో కొనేటప్పుడు షీటు మీద మెరైన్ ప్లైవుడ్‌కి ఉండే ఐఎస్ 710 ముద్ర చూడండి, 'వాటర్‌ప్రూఫే సార్' అంటూ మామూలు ప్లైవుడ్‌కి ఉండే ఐఎస్ 303 షీటు చేతిలో పెడితే అది కిచెన్ అల్మారాలకి పనికొస్తుంది. మెరైన్ ప్లైలో జిగురు మరిగే నీళ్ళకి కూడా ఊడదు, అంతేగానీ కోసిన అంచు నీళ్ళు పీల్చకుండా ఉండదు కాబట్టి బిగించే ముందే రెండు వైపులా, అంచులకీ ఎపాక్సీ పట్టించాలి. ఎపాక్సీ బదులు వాడే పాలిస్టర్ రెజిన్ చవకే, చెక్కని మాత్రం ఎపాక్సీ అంత గట్టిగా పట్టుకోదు. ప్లైవుడ్ మీద ఫైబర్ పొర వేసేటప్పుడు, ఎపాక్సీ వాడితే మామూలు ఫైబర్ మ్యాట్ బదులు నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోండి, ఆ మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే జిగురు (బైండర్) కరిగేది పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికే. పాలిస్టరే వాడేటట్టయితే, త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, పేలుతుంది.

ఇక ఫోమ్ షీటు, అంటే ప్లైవుడ్ బదులు మధ్యలో పెట్టే పీవీసీ ఫోమ్ కోర్, కుళ్ళదు, తేలిక. రేసింగ్ బోటుకైతే అదే మేలు. కానీ రెండు వైపులా ఫైబర్ వేయాలి, సీటు బోల్టులు వచ్చేచోట గట్టి ముక్క ఇరికించాలి, లేకపోతే బిగించేకొద్దీ నలిగిపోతుంది. ఖర్చూ ఎక్కువే. అల్మారాలకి అమ్మే పీవీసీ బోర్డు ఇది కాదు, అది ఎండకి వంగుతుంది.

ఏది ఎంచుకున్నా మన ఊళ్ళో వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, చెక్క ఆరదు. మే నెల ఎండలోనేమో కలిపిన రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయి. పాత ఫ్లోర్ తీశాక కింద బోటు తేలడానికి నింపిన ఫోమ్ ఉంటే ముక్క కోసి పిండి చూడండి. నీళ్ళు కారితే మొత్తం తీసేయాల్సిందే, లేదంటే కొత్త చెక్క కింద నుంచి తడుస్తూనే ఉంటుంది. సీట్లు బిగించేటప్పుడు బోల్టు కంటే పెద్ద రంధ్రం చేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ డ్రిల్ చేయండి.