విద్యానగర్ వీఆర్‌సీ రివ్యూ: సదరం సర్టిఫికెట్ చేతికొచ్చినంక నాకు పని దొరికిన చోటు

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సర్కారు కాగితం) ఉండి కూడా పని దొరకక ఇంట్ల కూసున్నోళ్ళు హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరున్నా ఒకసారి విద్యానగర్ పోండి, శివం రోడ్డు దిక్కు పాత ఏటీఐ (అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్) క్యాంపస్‌ల ఉంటది. పూర్తి పేరు నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఫర్ డిఫరెంట్లీ ఏబుల్డ్, పాత పేరు వొకేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్, అందుకే పాతోళ్ళు ఇంకా వీఆర్‌సీ అనే అంటరు. వైకల్యం ఉన్నోళ్ళకు పని నేర్పి కంపెనీలకు పంపే చోటు. సెంట్రల్ గవర్నమెంట్‌ది, నా దగ్గరైతే పైసా తీసుకోలే.

నేను టైల్స్ మేస్త్రీని, పదకొండేండ్లు అదే పని. 2022ల బైక్ యాక్సిడెంట్ అయి కుడికాలు మోకాలు కింద తీసేసిన్రు. జైపూర్ కాలు పెట్టుకొని నడుస్త, బస్సు ఎక్కుత, కానీ టైల్స్ పనంటే పొద్దంతా మోకాళ్ళ మీద ఉండాలె కదా, అరగంట దాటితే కోసిన దగ్గర తోలు ఎర్రగై పుండు పడుతది. రెండుసార్లు ట్రై చేసి రెండుసార్లూ డ్రెస్సింగ్‌కు పోయిన.

సదరం సంగతి కూడా చెప్పాలె, చాలామంది అక్కడనే ఆగిపోతరు. నేను చేయించుకున్నప్పుడు మీసేవల స్లాట్ బుక్ చేసుకొని ఇచ్చిన తారీఖుకు క్యాంపుకు పోవాలె. ఆస్పత్రి పేరు చెప్ప, పొద్దున ఏడింటికి పోతే మధ్యాహ్నం రెండింటికి పిలిచిన్రు, కూసుందామంటే కుర్చీలు లేవు, మా అమ్మ కొంగు పరిస్తే మెట్ల మీద కూసున్న. తీరా లోపలికి పోతే డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్ లేదని వాపస్ పంపిన్రు, జిరాక్స్ నడవదంట. మళ్ళ స్లాట్ దొరికే సరికి రెండు నెలలు. బయట ఒకతను "అన్నా, పదిహేను వేలియ్యి, పర్సంటేజ్ నేను చూసుకుంట" అని వెనకవడ్డడు. దయచేసి ఎవరికీ ఇయ్యకండి. రెండోసారి డాక్టర్ సార్ టేప్ పెట్టి కాలు ఎంత మిగిలిందో కొలిచి 60 శాతం రాసిండు, పావుగంట పని, ఒక్క రూపాయి కాలే. అడ్డదారిల తెచ్చుకున్న కాగితం రీవెరిఫికేషన్‌ల దొరికిపోతే మొత్తానికే మోసం.

పింఛన్‌కు మన తెలంగాణల 40 శాతం ఉండాలె, చెవులు వినపడనోళ్ళకు 51. 3,016 ఉన్నదాన్ని 2023 జులైల 4,016 చేసిన్రు. మా బావమరిది వాళ్ళది ఏపీ, అక్కడ 2024 నుంచి 6,000 ఇస్తున్నరు, పూర్తిగా మంచానికే ఉన్నోళ్ళకు 15,000. సర్టిఫికెట్ రాంగనే పింఛన్ వస్తదనుకోకండి, మంజూరు వేరే, అప్లికేషన్ పెట్టినా నాది ఇంకా కాలే. వచ్చినా సరే, మా ఇంటి కిరాయే 5,500, పని లేకుంటే ఎట్ల నడుస్తది చెప్పండి.

ఆ తొందరల రెండు తప్పులు చేసిన. ఒక కన్సల్టెన్సీకి 3,000 కట్టిన, మళ్ళ ఫోన్ ఎత్తలే. తర్వాత ఒక అపార్ట్‌మెంట్‌ల వాచ్‌మన్ పని దొరికింది, కూసొని చేసే పనే కదా అన్నరు, కానీ కారు వచ్చినప్పుడల్లా లేసి గేటు తీయాలె, 12 గంటల డ్యూటీ. తొమ్మిదో రోజు కాలు వాచి జైపూర్ కాలు లోపలికే పోలే.

అప్పుడు మా పక్కింటి అక్క, ఆమెకు పోలియో, కుట్టుపని అక్కడనే నేర్చుకుంది, "తమ్ముడూ, ఊకె తిరిగి కాలు పాడుచేసుకోకు, వీఆర్‌సీకి పో" అన్నది. పోయిన. అప్పటిదాకా ఏ ఆఫీసుకు పోయినా ఎంత శాతం అనే అడిగిన్రు, ఇక్కడ సార్ "ఇంతకుముందు ఏం పని చేసినవ్, చేతులు ఎట్లున్నయ్, ఎంతసేపు కూసోగలవ్" అని అడిగిండు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత చేతులతోని చేయించి చూసిన్రు. ట్రేల చిన్న చిన్న స్క్రూలు కలిపి పోసి సైజు ప్రకారం వేరు చేయమన్నరు, తర్వాత ఒక పాత బోర్డు ఇచ్చి సోల్డరింగ్ ఐరన్ ఎట్ల పట్టుకోవాల్నో చూపించి నాలుగు వైర్లు అతికించమన్నరు. ఫస్ట్ రెండు ముద్దలు ముద్దలైనయ్, మూడోది నున్నగ వచ్చింది. సార్ అది గోరుతో గీకి చూసి "టైల్ లెవెల్ పెట్టిన చెయ్యి, వణకదు" అన్నడు. మధ్యల నేను కాలు అటు ఇటు జరుపుతుంటే చూసి వేరే స్టూల్ తెచ్చి వేసిండు, కొంచెం ఎత్తుది, కాలు కిందికి సూటిగ ఉండేటట్టు. ఇప్పుడు పనికాడ కూడా అంతే ఎత్తు స్టూల్ అడిగి పెట్టించుకున్న.

కంప్యూటర్, కుట్టుపని, ఎలక్ట్రానిక్స్ లాంటివి ఉంటయ్, నేను ఎలక్ట్రానిక్స్ దిక్కు కొన్ని నెలలు నేర్చుకున్న. పోంగనే ఉద్యోగం చేతుల పెడతరని మాత్రం అనుకోకండి, పేరు రాసుకొని కంపెనీలు అడిగినప్పుడు పంపుతరు. నన్ను పంపిన మూడో చోట కుదిరింది, ఇన్వర్టర్లు రిపేర్ చేసే సర్వీస్ సెంటర్, నెలకు 13,500, బెంచ్ పని. టైల్స్‌ల వచ్చినంత రాదు, కానీ సాయంత్రం ఇంటికొచ్చి కాలు తీసి చూస్తే పుండు ఉండదు.

ఇంకో మాట, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం గవర్నమెంట్ ఉద్యోగాలల్ల 4 శాతం మనకు ఉంటది, చదువుకున్నోళ్ళు అది వదలకండి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు కూడా తీసుకోండి, వైకల్యం 40 నుంచి 80 శాతం లోపు ఉన్నోళ్ళకు పసుపు రంగుది వస్తది.

సదరం క్యాంపు, నేను పోయిన చోటుకు, రెండు స్టార్లు, అవి కూడా ఆ డాక్టర్ సార్‌కే. విద్యానగర్‌కు ఐదుకు ఐదు. పోయేటప్పుడు సదరం సర్టిఫికెట్, ఆధార్, ఉంటే చదువు సర్టిఫికెట్లు, ఫొటోలు అన్నీ ఒరిజినల్స్ పెట్టుకొని పోండి. డౌట్ ఉంటే అడగండి, పగలంతా బెంచ్ మీదనే ఉంట కాబట్టి రాత్రి ఏడు దాటినంక జవాబు ఇస్త.