హనుమకొండలోని ఒక మత్తు విముక్తి కేంద్రం: మా అనుభవం

నర్సంపేట దగ్గర ఉండే మా మేనమామను హనుమకొండలోని ఒక ప్రైవేటు మత్తు విముక్తి కేంద్రంలో చేర్పించాము. అక్కడ చికిత్స పొందుతున్నవారి గోప్యత దృష్ట్యా దాని పేరు రాయడం లేదు.

చేర్చుకునేటప్పుడు డాక్టరు గారు అడిగిన ప్రశ్నలే నాకు మొదట నమ్మకం కలిగించాయి. రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్నంతటితో ఆపకుండా, సారాయా, మందా, కల్లా, కల్లయితే చెట్టు కల్లా, దుకాణం కల్లా అని, ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని కూడా అడిగారు. ఉత్తర తెలంగాణలో కల్లు గురించిన ఈ ప్రశ్న అడగకుండా చికిత్స మొదలుపెట్టడం ప్రమాదమే, ఎందుకంటే కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుస్తాయి; వాటికి అలవాటుపడిన మనిషి ఒక్కసారిగా మానితే వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, ఫిట్స్ వంటివి వస్తాయి. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఆసుపత్రులకు జనం పోటెత్తింది ఇందుకే.

మద్యం మానినవారికి ఫిట్స్ ముప్పు మొదటి రెండు రోజుల్లో ఎక్కువగా ఉంటుందని, మతి తప్పే తీవ్రస్థితి సాధారణంగా రెండు, మూడు రోజులకు మొదలవుతుందని డాక్టరు గారు ముందే చెప్పారు. ఆ రోజుల్లో రాత్రిపూట కూడా నర్సు బీపీ, నాడి చూస్తూనే ఉన్నారు. గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇచ్చారు. ఏళ్ల తరబడి తాగినవారిలో దాని లోపం మెదడును దెబ్బతీస్తుంది. ఈ విషయంలో నేను పూర్తి మార్కులు వేస్తాను.

భోజనం పరవాలేదు. గదులు ఇరుకు.

అసలు లోపం కౌన్సెలింగులో ఉంది. కుటుంబంతో మాట్లాడే సమయం హడావిడిగా ముగిసింది; ఇంటికి వెళ్లాక ఏం చేయాలో మా అత్తమ్మ అడిగితే మందుల చీటీ చేతిలో పెట్టారు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ బిళ్లను మనిషికి తెలియకుండా కూరలో కలపరాదని, అది వేసుకున్నవారు మద్యం ముట్టితే వాంతులు, గుండెదడ, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా వస్తుందని, మాత్ర ఆపాక కూడా ఆ ప్రభావం దాదాపు రెండు వారాలు ఉండవచ్చని మేము అడిగితేనే చెప్పారు. పల్లెల్లో ఆ మాత్రను అన్నంలో కలిపి పెట్టే ఇళ్లు ఉన్నాయి కనుక ఇది అడగకముందే చెప్పవలసిన మాట. ఇంటికి పంపాక యోగక్షేమాలు తెలుసుకునే ఫోను కూడా రాలేదు.

బిల్లులో పరీక్షల ఖర్చు విడిగా వేశారు. ముందే అడిగి రాయించుకోవడం మంచిది. ఏ కేంద్రంలోనైనా రోగిని గొలుసులతో కట్టేస్తే అది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. ఇక్కడ అలాంటిదేమీ మా కంట పడలేదు.

ఫిట్స్ భయమున్నవారికి, కల్తీ కల్లు మానేవారికి ఈ చోటును సిఫార్సు చేస్తాను. మానిన తర్వాతి తోడు కోసం మాత్రం మత్తు విముక్తి సహాయానికి ఉన్న 14446 ఉచిత ఫోన్ నంబరును గానీ, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగాన్ని గానీ ముందుగానే చూసుకోండి.